కొత్త గాలిమరల కేంద్రాన్ని గ్రిడ్‌కి కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గాలి బాగా వీచే చోటు దొరికింది, భూమి ఖాయమైంది, టర్బైన్ కంపెనీతో మాటలు నడుస్తున్నాయి, గ్రిడ్ సంగతి తర్వాత చూద్దాం. ఈ వరసలో మొదలైన ప్రాజెక్టులే ఎక్కువగా మధ్యలో ఇరుక్కుపోతుంటాయి. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది కనెక్షనే, మిగతావన్నీ దాన్ని బట్టి సర్దుకోవాలి. అడిగినవాళ్లందరికీ అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి దశల వారీగా ఒకచోట పెట్టాను. మొదటి నుంచీ చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి గానీ, కరెంటు ప్రవర్తన ఎక్కడైనా ఒకటే.

## స్థలం చూసే దశ

గాలి ఎక్కువున్న చోటు చూసుకోవాలా, సబ్‌స్టేషన్ దగ్గరున్న చోటు చూసుకోవాలా?

రెండూ ఒకేసారి చూడాలి. గాలిలో ఉండే శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. సెకనుకు 6 మీటర్ల గాలి 7 మీటర్లయితే వేగం పెరిగింది 17 శాతమే, అందులోని శక్తి మాత్రం దాదాపు 59 శాతం పెరుగుతుంది. అందుకే అందరూ గాలి మ్యాపు పట్టుకుని కొండల మీదికి పరిగెడతారు. కానీ ఆ కొండ నుంచి సబ్‌స్టేషన్‌కి 60 కిలోమీటర్ల లైను వేయాలంటే ఎంతమంది భూముల మీదుగా దారి అడగాలో, ఎన్ని అనుమతులు కావాలో లెక్కేయండి. గాలి కాస్త తక్కువైనా సబ్‌స్టేషన్ 10 కిలోమీటర్లలో ఉండి, అందులో ఖాళీ కూడా ఉంటే చాలాసార్లు ఆ రెండో చోటే మేలు. గాలి మ్యాపు మీద సబ్‌స్టేషన్లు, లైన్లు, వాటి వోల్టేజీలు గీసుకున్నాకే భూమి బేరానికి వెళ్లండి.

మా స్థలం పక్కనుంచే 400 కేవీ (కిలోవోల్టుల) లైను పోతోంది. దానికే తగిలించేయొచ్చు కదా?

అంత సులువు కాదు. పెద్ద లైను మధ్యలో ఊరికే కొక్కెం వేసినట్టు తగిలిస్తే ఆ లైనుకి మూడు కొసలొస్తాయి. ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ లాంటి లోపం) వచ్చినప్పుడు అది ఎంత దూరంలో ఉందో కొలిచే డిస్టెన్స్ రిలేలు రెండు చివర్లలో ఉంటాయి, మధ్యలో కలిసే కరెంటు వల్ల అవి దూరాన్ని తప్పుగా అంచనా వేస్తాయి, తీయాల్సిన బ్రేకర్ (లైనుని తెంపే స్విచ్) తీయకపోవచ్చు. అందుకే సాధారణంగా లైనుని తెంపి, రెండు కొసల్నీ ఒక కొత్త స్విచింగ్ స్టేషన్‌లోకి తీసుకొచ్చి, బ్రేకర్ల మధ్య మీ కేంద్రాన్ని కలుపుతారు. 50 మెగావాట్ల కేంద్రం కోసం 400 కేవీ స్విచింగ్ స్టేషన్ కట్టడం ఎవరికీ గిట్టదు. పైగా పక్కనుంచి పోతున్న లైను ఇప్పటికే నిండిపోయి ఉండొచ్చు కూడా. లైను కంటికి కనబడుతుంది, అందులో ఎంత కరెంటు పోతోందో కనబడదు.

సబ్‌స్టేషన్‌లో ఖాళీ ఉందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

చాలా దేశాల్లో గ్రిడ్ సంస్థలు ఖాళీ సామర్థ్యం మ్యాపులు ప్రచురిస్తాయి. మొదటి వడపోతకి అవి పనికొస్తాయి, అంతవరకే. మ్యాపులో 150 మెగావాట్ల ఖాళీ కనిపిస్తున్నా, మీకన్నా ముందు 300 మెగావాట్లకి దరఖాస్తులు పడి ఉండొచ్చు.

నేరుగా వెళ్లి నాలుగు సంగతులు కనుక్కోండి. ట్రాన్స్‌ఫార్మర్లలో ఒకటి పోయినా మిగిలినవి మీ పవర్‌ని మోయగలవా? ఇప్పుడున్న బ్రేకర్ల ఫాల్ట్ రేటింగ్‌లో (ఎంత ఫాల్ట్ కరెంటుని తెంపగలవో ఆ హద్దులో) ఇంకా చోటుందా? మీకంటే ముందు వరసలో ఎవరున్నారు? ఇక నాలుగోది అందరూ మర్చిపోయేది, కొత్త బే (మీ లైనుని కలిపే బ్రేకర్లు, స్విచ్‌లు ఉండే చోటు) కట్టడానికి యార్డులో జాగా ఉందా? ట్రాన్స్‌ఫార్మర్‌లో ఖాళీ ఉండి, బే పెట్టడానికి జాగా లేక ప్రహరీ అవతలి భూమి కొనాల్సి వస్తే ఏడాది ఇట్టే గడిచిపోతుంది.

"అక్కడ గ్రిడ్ వీక్" అంటున్నారు. అంటే ఏమిటి?

కరెంటు లేదని కాదు. మీరు పంపే పవర్ కాస్త అటూ ఇటూ అయితే అక్కడి వోల్టేజీ ఎంత కదులుతుంది అనేదే అసలు ప్రశ్న. వీక్ గ్రిడ్ మీద పెద్ద కేంద్రం పెట్టడం వదులైన నులక మంచం మీద నిలబడటం లాంటిది, మీరు కదిలితే మంచం కదులుతుంది, మంచం కదిలితే మీరు మళ్లీ తూలుతారు.

దీన్ని కొలవడానికి షార్ట్ సర్క్యూట్ రేషియో అనే లెక్క వాడతారు. కనెక్షన్ పాయింట్ దగ్గర ఫాల్ట్ లెవెల్ (షార్ట్ సర్క్యూట్ అయితే గ్రిడ్ ఇవ్వగల పవర్) 600 ఎంవీఏ (మెగావాట్ లాంటి కొలత), మీ కేంద్రం 200 మెగావాట్లు అనుకుంటే రేషియో 3. సుమారుగా 3 కంటే తగ్గితే వీక్ అంటారు, 2 లోపలికి వస్తే జాగ్రత్తగా చూడాల్సిందే. పక్కనే ఇన్వర్టర్లతో (కరెంటుని గ్రిడ్‌కి సరిపడేలా మార్చే ఎలక్ట్రానిక్ పరికరాలతో) నడిచే ఇంకో 100 మెగావాట్ల కేంద్రం వస్తే, ఇద్దర్నీ కలిపి లెక్కేసినప్పుడు అదే పాయింట్‌లో రేషియో 2కి పడిపోతుంది. మీ వైపు ఏమీ మారకపోయినా సరే.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఇప్పటి టర్బైన్లలో ఉండే కన్వర్టర్ (ఇన్వర్టర్ లాంటి పరికరమే) గ్రిడ్ వోల్టేజీ అలని చూస్తూ దాని వెంబడి నడుస్తుంది. ఆ అలే తన వల్ల కదిలిపోతుంటే దేన్ని పట్టుకోవాలో దానికి తెలియదు, కంట్రోల్ ఊగడం మొదలవుతుంది. మందుల్లో ఒకటి సింక్రనస్ కండెన్సర్, అంటే ఇంధనం లేకుండా గ్రిడ్‌తో పాటు తిరుగుతూ ఫాల్ట్ లెవెల్ పెంచే పెద్ద యంత్రం. దక్షిణ ఆస్ట్రేలియాలో 2021లో ఇలాంటివి 4 పెట్టారు. ఇంకొకటి గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్లు, ఇవి వోల్టేజీ అలని అనుసరించకుండా తామే తయారుచేస్తాయి.

టర్బైన్ల సామర్థ్యం మొత్తం ఎంతో అంతకీ కనెక్షన్ అడగాలా?

అక్కర్లేదు, చాలామంది అవసరానికి మించి అడిగి నష్టపోతారు. అన్ని టర్బైన్లూ ఒకేసారి పూర్తి సామర్థ్యంతో తిరిగే గంటలు ఏడాదిలో తక్కువ. లోపలి కేబుళ్లలో, ట్రాన్స్‌ఫార్మర్లలో కొంత పవర్ ఎలాగూ పోతుంది. అందుకని 110 మెగావాట్ల టర్బైన్లు పెట్టి 100 మెగావాట్ల కనెక్షన్ తీసుకుని, దాటిన కొద్ది గంటల్లో పవర్ ప్లాంట్ కంట్రోలర్‌తో తగ్గించుకునేవాళ్లున్నారు. అదే కనెక్షన్ మీద సోలార్‌ని గానీ బ్యాటరీని గానీ కలుపుకోవాలనుంటే మొదటి దరఖాస్తులోనే చెప్పండి. తర్వాత చేరిస్తే చాలా చోట్ల దాన్ని కొత్త దరఖాస్తుగానే చూస్తారు.

## దరఖాస్తు, వరస

దరఖాస్తు పెట్టాక ఏళ్లకేళ్లు ఎందుకు పడుతోంది?

వరస పెద్దది, అందులో సగానికి పైగా ఎప్పటికీ కట్టనివి. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ లెక్క ప్రకారం 2023 చివరికి గ్రిడ్ వరసలో దాదాపు 2,600 గిగావాట్లు ఉన్నాయి. 2000 నుంచి 2018 వరకు దరఖాస్తు పెట్టిన ప్రాజెక్టుల్లో 2023 చివరికి నడుస్తున్నవి సుమారు 19 శాతమే. అక్కడా ఇక్కడా ఐదారు చోట్ల దరఖాస్తు పడేసి, ఎక్కడ ఖర్చు తక్కువొస్తే అది ఉంచుకుని మిగతావి వెనక్కి తీసుకోవడం అలవాటైపోయింది. ఒకరు వెళ్లిపోతే వాళ్ల లైను ఖర్చు వెనకున్నవాళ్ల మీద పడుతుంది, గ్రిడ్ మీద ప్రభావాన్ని లెక్కించే స్టడీ మళ్లీ చేయాలి, ఆ కొత్త ఖర్చు చూసి ఇంకొకరు వెళ్లిపోతారు.

దీనికి విరుగుడుగా అమెరికా ఇంధన నియంత్రణ సంస్థ 2023 జులైలో నిబంధనలు మార్చింది. ఒక్కొక్కర్నీ విడిగా కాకుండా గుంపుగా స్టడీ చేయాలి, ముందొచ్చినవాళ్లకి బదులు ముందు సిద్ధమైనవాళ్లకి ప్రాధాన్యం ఇవ్వాలి. బ్రిటన్‌లో కూడా వరస 700 గిగావాట్లు దాటిపోయాక ఇదే దారి పట్టారు. కాబట్టి భూమి పత్రాలు, అనుమతులు చేతిలో పెట్టుకుని వెళ్లండి. వరసలో మీ నంబరు కంటే ఆ కాగితాలకే ఇప్పుడు విలువ.

లైన్లు ముందు వేయాలా, గాలిమరలు ముందు పెట్టాలా?

నా సమాధానం గట్టిగా ఒకటే: లైన్లు ముందు. టర్బైన్లు ఏడాది రెండేళ్లలో నిలబెట్టొచ్చు. పెద్ద ట్రాన్స్‌మిషన్ లైనుకి దారి హక్కులు, అనుమతులు కలిపి ఐదు నుంచి పదేళ్లు మామూలు. రెండూ ఒకే రోజు మొదలుపెడితే ఏది దేనికోసం ఎదురుచూస్తుందో చెప్పనక్కర్లేదు. లైను కంపెనీ మాత్రం కేంద్రాలు ఖాయం కానిదే డబ్బు పెట్టదు, కేంద్రం కట్టేవాడికి లైను లేనిదే అప్పు పుట్టదు. ఈ ముడిని విప్పాల్సింది ప్రణాళిక వేసే ప్రభుత్వాలే.

టెక్సాస్ ఈ ముడిని విప్పి చూపించింది. 2005లో చట్టం చేసి, గాలి బాగున్న పశ్చిమ ప్రాంతాల్ని ముందు మండలాలుగా గుర్తించారు. ఆ మండలాల్లో ఎవరు కడతారో తేలకముందే లైన్లు ప్లాన్ చేసి, ఖర్చుని వినియోగదారులందరి మీదా పంచారు. సుమారు 5,800 కిలోమీటర్ల 345 కేవీ లైన్లు 2014 మొదట్లో పూర్తయ్యాయి, 18,500 మెగావాట్ల గాలి కరెంటు మోసేలా వాటిని లెక్కగట్టారు. కేంద్రాలు వాటంతటవే వచ్చి చేరాయి.

చైనాలోని గాన్సూ దీనికి తిరగేసిన కథ. అక్కడ టర్బైన్లు పరుగున లేచాయి, వాటి కరెంటుని దూరాన ఉన్న నగరాలకి మోసే లైన్లు వెనకబడ్డాయి. 2016లో ఆ ప్రాంతంలో ఉత్పత్తి చేయగలిగిన గాలి కరెంటులో 43 శాతం వాడకుండా వదిలేయాల్సి వచ్చింది. జ్యూచువాన్ నుంచి హునాన్‌కి ±800 కేవీ డీసీ లైను 2017లో వచ్చింది. అప్పటిదాకా తిరగగలిగి కూడా ఆపేసి ఉంచిన ఆ యంత్రాల్ని తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

లైను ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

మీ కేంద్రం నుంచి సబ్‌స్టేషన్ దాకా వేసేది దాదాపు అన్ని చోట్లా మీదే. వెనకున్న గ్రిడ్‌ని పెంచాల్సి వస్తే ఎవరిది అన్న దగ్గరే తేడాలు. కొన్ని చోట్ల అది కూడా మీ మీదే వేస్తారు, కొన్ని చోట్ల అందరి బిల్లుల్లో కలిపేస్తారు. మీ దేశంలో ఏ పద్ధతో తెలియకుండా ప్రాజెక్టు లెక్కలు వేయకండి.

## స్టడీల దశ

ఇన్ని స్టడీలు ఎందుకు? ఒక్క లోడ్ ఫ్లో చాలదా?

లోడ్ ఫ్లో చెప్పేది నిలకడగా ఉన్నప్పటి సంగతి: ఏ లైనులో ఎంత పవర్, ఏ బస్సు (లైన్లన్నీ కలిసే కడ్డీ) దగ్గర ఎంత వోల్టేజీ. షార్ట్ సర్క్యూట్ స్టడీ బ్రేకర్లు తట్టుకుంటాయా అని చూస్తుంది. స్టెబిలిటీ స్టడీ ఫాల్ట్ వచ్చి పోయాక గ్రిడ్ మళ్లీ కుదురుకుంటుందా అని చూస్తుంది. హార్మోనిక్స్ స్టడీ కన్వర్టర్ల నుంచి వచ్చే మలినం (గ్రిడ్ ఫ్రీక్వెన్సీకి గుణిజాల్లో ఉండే అదనపు అలలు) కేబుళ్ల కెపాసిటెన్స్‌తో (ఛార్జ్ నిలవ చేసే గుణంతో) కలిసి ఎక్కడైనా పెరిగిపోతుందేమో చూస్తుంది. ఒకదాని జవాబు ఇంకొకదానికి సరిపోదు.

ఏ గంటకి స్టడీ చేస్తున్నారో కూడా అంతే ముఖ్యం. ఎండాకాలం మధ్యాహ్నం పీక్ లోడుకే చేసి వదిలేస్తే అసలు చిక్కు బయటపడదు. చిక్కంతా తెల్లవారుజామున 3 గంటలకి, వాడకం బాగా తక్కువగా, గాలి బాగా ఎక్కువగా ఉన్నప్పుడు. గాలి అసలు లేని రాత్రి కూడా చూడాలి, అప్పుడు కేబుళ్ల వల్ల వోల్టేజీ పైకి పోతుంది.

టర్బైన్ కంప్యూటర్ మోడల్ అడుగుతున్నారు, తయారీదారు ఇవ్వనంటున్నాడు. ఏం చేయాలి?

కొనుగోలు ఒప్పందంలో ముందే రాయించుకోవాల్సిన విషయం ఇది. ఆర్డరు ఇచ్చేశాక మీ మాట వినేవాళ్లుండరు. లోపలి కోడ్ దాచిపెట్టిన మూసిన మోడల్‌ని చాలామంది గ్రిడ్ ఆపరేటర్లు ఒప్పుకుంటారు, అది ఇవ్వడానికి తయారీదారుకి పెద్ద అభ్యంతరం ఉండదు. ఫాల్ట్‌లో నిజమైన యంత్రం ఎలా ప్రవర్తిస్తుందో మోడల్ అలాగే ప్రవర్తించాలి, సైటులో పెట్టబోయే సెట్టింగులే అందులోనూ ఉండాలి.

సాధారణ స్టెబిలిటీ మోడల్‌తో పాటు ఈఎంటీ (విద్యుదయస్కాంత క్షణిక మార్పుల్ని లెక్కించే) మోడల్ కూడా అడగండి, మైక్రోసెకన్ల వివరం అందులోనే ఉంటుంది. 2009 అక్టోబరులో దక్షిణ టెక్సాస్‌లో ఒక లైన్ ఫాల్ట్ తర్వాత గాలిమరల కేంద్రం సిరీస్ కెపాసిటర్లున్న (పొడవైన లైను ఎక్కువ పవర్ మోసేలా దాని మధ్యలో పెట్టే పరికరాలున్న) ఒకే ఒక్క లైనుకి వేలాడుతూ మిగిలింది. టర్బైన్ కంట్రోల్, ఆ కెపాసిటర్లు కలిసి అక్కడి గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ కంటే కింది ఫ్రీక్వెన్సీలో ఊగడం మొదలుపెట్టి, క్షణాల్లో పరికరాలు పాడయ్యాయి. మామూలు స్టడీల్లో ఆ ఊపు కనబడదు. అప్పటినుంచి అక్కడ సిరీస్ కెపాసిటర్లున్న లైను దగ్గరలో ఉంటే ఈ స్టడీ తప్పనిసరి అయింది.

గ్రిడ్‌లో ఫాల్ట్ వస్తే టర్బైన్లు ఆగిపోవడమే క్షేమం కదా?

ఒక టర్బైన్‌కి క్షేమం, గ్రిడ్‌కి ప్రమాదం. గాలి కరెంటు గ్రిడ్‌లో ఒకటి రెండు శాతం ఉన్న రోజుల్లో వోల్టేజీ పడగానే ఆగిపోమనే చెప్పేవారు. వాటా పెరిగాక అదే నియమం ముప్పయింది. ఒక ఫాల్ట్‌కి వందల మెగావాట్లు ఒకేసారి మాయమైతే ఆ చిన్న ఫాల్టే పెద్ద బ్లాకౌట్‌గా మారుతుంది. అందుకే ఇప్పుడు దాదాపు ప్రతి గ్రిడ్ కోడ్‌లోనూ (గ్రిడ్‌కి కలిసేవాళ్లు పాటించాల్సిన నియమావళిలో), వోల్టేజీ కింద పడినా కొన్ని వందల మిల్లీసెకన్ల పాటు పట్టుకుని ఉండి, ఫాల్ట్ పోగానే మళ్లీ పవర్ ఇవ్వాలనే నియమం ఉంది. దాన్నే ఫాల్ట్ రైడ్ త్రూ అంటారు.

2016 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియాలో జరిగింది ప్రతి ప్రణాళికకర్తా చదవాలి. సుడిగాలులకి 275 కేవీ లైన్ల టవర్లు కూలాయి. రెండు నిమిషాల వ్యవధిలో ఒకదాని వెంట ఒకటి ఆరు సార్లు వోల్టేజీ పడింది. టర్బైన్లు మొదటి కొన్నిటిని నియమం ప్రకారం తట్టుకున్నాయి. కానీ కొన్ని కేంద్రాల కంట్రోల్‌లో, ఇంత సమయంలో ఇన్నిసార్లకి మించి వోల్టేజీ పడితే ఆగిపో అనే సెట్టింగ్ ఉంది. ఆ లెక్క నిండిపోగానే 7 సెకన్లలోపు 456 మెగావాట్లు తగ్గిపోయాయి. ఆ లోటంతా పక్క రాష్ట్రం నుంచి వచ్చే లైను మీద పడి అది ట్రిప్ అయింది, రాష్ట్రం మొత్తం చీకటైంది, సుమారు 8,50,000 మంది వినియోగదారులకి కరెంటు పోయింది. టర్బైన్లు ఇంకా ఎక్కువసార్లు తట్టుకునేలా తర్వాత ఆ సెట్టింగ్ మార్చారు. అంటే యంత్రానికి శక్తి ఉంది, లోపలెక్కడో ఉన్న ఒక్క అంకె అడ్డం పడింది, ఆ అంకె ఉన్నట్టు గ్రిడ్ నడిపేవాళ్లకి అప్పటిదాకా తెలియదు. మీ టర్బైన్‌లో ఇలాంటి లెక్కింపు ఉందా, ఎన్నిసార్లకి పెట్టారు అని తయారీదారుని రాతపూర్వకంగా అడగండి.

రియాక్టివ్ పవర్ గురించి ఇంత పట్టుబడతారెందుకు?

అసలు పని చేయకుండా గ్రిడ్‌కీ యంత్రాలకీ మధ్య అటూ ఇటూ ఊగే పవర్ అది, వోల్టేజీని పట్టి ఉంచేది అదే కాబట్టి. చాలా కోడ్‌లు కనెక్షన్ పాయింట్ దగ్గర పవర్ ఫ్యాక్టర్ (మొత్తం పవర్‌లో అసలు పని చేసే వాటా) 0.95 దాకా రియాక్టివ్ పవర్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ రావాలంటాయి. టర్బైన్ దగ్గర 0.95 ఉంటే సరిపోతుందనుకోవడం చాలామందికి తగిలే దెబ్బ. టర్బైన్‌కీ ఆ పాయింట్‌కీ మధ్య కేబుళ్లు, రెండంచెల ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ఫుల్ లోడులో అవి రియాక్టివ్ పవర్‌ని మింగేస్తాయి, గాలి లేనప్పుడు కేబుళ్లు తామే పుట్టిస్తాయి. లెక్క తేలకపోతే రియాక్టివ్ పవర్‌ని సర్దే కెపాసిటర్ బ్యాంకు, రియాక్టర్, స్టాట్‌కామ్ లాంటి పరికరాలు పెట్టాలి. వాటికి యార్డులో జాగా మొదటి డ్రాయింగ్‌లోనే వదలండి.

గాలిమరలకి ఇనర్షియా ఉండదంటారు. అంత పెద్ద రెక్కలు తిరుగుతున్నాయి కదా?

ఇనర్షియా అంటే తిరిగే బరువు తన వేగం మారకుండా అడ్డుకునే గుణం, రెక్కల్లో అది బోలెడంత ఉంది. కానీ టర్బైన్‌కీ గ్రిడ్‌కీ మధ్య కన్వర్టర్ ఉండటం వల్ల అది దానంతటదిగా గ్రిడ్‌కి అందదు. థర్మల్, జల కేంద్రాల జనరేటర్లు గ్రిడ్ ఫ్రీక్వెన్సీతో నేరుగా ముడిపడి తిరుగుతాయి, ఎక్కడో పవర్ తగ్గితే వాటి బరువే మొదటి క్షణాల్లో ఆదుకుంటుంది. వాటి వాటా తగ్గేకొద్దీ ఫ్రీక్వెన్సీ వేగంగా పడుతుంది.

ఐర్లండ్ దీన్ని దశల వారీగా ఎదుర్కొంది. ఏ క్షణంలోనైనా గ్రిడ్‌లో ఇలా కన్వర్టర్ మీద వచ్చే ఉత్పత్తి ఎంత శాతం ఉండొచ్చు అనే పరిమితి పెట్టుకుని, 50 నుంచి మెల్లగా పెంచుతూ 2022లో 75 శాతానికి తెచ్చింది. ఫ్రీక్వెన్సీ సెకనుకు 1 హెర్ట్జ్ వేగంతో మారినా పరికరాలు తట్టుకోవాలని కోడ్ మార్చింది. బ్యాటరీలు, కంట్రోల్ ద్వారా రెక్కల శక్తిని కొన్ని సెకన్లు అప్పు తెచ్చే ఏర్పాటు కూడా వాడతారు. అలా అప్పు తెచ్చాక రెక్కల వేగం తగ్గుతుంది, మళ్లీ పుంజుకోవడానికి పవర్ కాసేపు తగ్గించాల్సి వస్తుంది, అది కూడా స్టడీలో చూడాలి.

## డిజైన్

టర్బైన్ నుంచి గ్రిడ్ దాకా కరెంటు ఏ దారిన వెళ్తుంది?

చాలా టర్బైన్లలో కరెంటు 690 వోల్టుల దగ్గర పుడుతుంది. అంత తక్కువ వోల్టేజీతో దూరం పోలేదు కాబట్టి టర్బైన్ లోపలో, పక్కనో ఉండే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 33 కేవీకి పెంచుతుంది. కొన్ని టర్బైన్లని ఒక ఫీడర్ (వాటి కరెంటుని మోసుకొచ్చే కేబుల్) మీద దండలా గుచ్చి, అన్ని ఫీడర్లనీ పూలింగ్ సబ్‌స్టేషన్‌కి తెస్తారు. అక్కడ 132, 220 లేదా 400 కేవీకి పెంచి గ్రిడ్‌కి పంపుతారు. 33 కేవీ మీద 30 మెగావాట్లు పోవాలంటే 525 ఆంపియర్లు, కాబట్టి 200 మెగావాట్ల కేంద్రానికి ఏడెనిమిది ఫీడర్లు అవుతాయి. సముద్రంలో టర్బైన్లు పెద్దవవుతుండటంతో అక్కడ ఇప్పుడు 66 కేవీ వాడుతున్నారు.

చిన్న విషయమే గానీ చెప్పాలి: పూలింగ్ ట్రాన్స్‌ఫార్మర్ 33 కేవీ వైపు డెల్టా (భూమికి కలపడానికి మధ్య బిందువు లేని చుట్ల అమరిక) అయితే అక్కడ ఆ బిందువునిచ్చే ఎర్తింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాల్సిందే. లేకపోతే ఒక ఫేజు భూమికి తగిలినప్పుడు మిగతా రెండు ఫేజుల వోల్టేజీ 1.73 రెట్లకి లేస్తుంది, ఫాల్ట్ కరెంటు మాత్రం రిలేలకి అందనంత తక్కువ.

ఏసీ లైను వేయాలా, డీసీ వేయాలా?

భూమి మీద మామూలు దూరాలకి ఏసీ చాలు. సముద్రం కింద కేబుల్ అయితే లెక్క మారుతుంది. ఏసీ కేబుల్ పొడవు పెరిగేకొద్దీ దాని ఛార్జింగ్ కరెంటే (కేబుల్‌ని నింపడానికే పోయే కరెంటు) సామర్థ్యాన్ని తినేస్తుంది, సుమారు 80 నుంచి 100 కిలోమీటర్లు దాటాక డీసీ మేలనిపిస్తుంది. సముద్రపు గాలి కరెంటుని డీసీ మీద ఒడ్డుకి తెచ్చిన మొదటి లింకు జర్మనీలోని బోర్‌విన్ 1, సామర్థ్యం 400 మెగావాట్లు. భూమి మీద వందల, వేల కిలోమీటర్లకీ డీసీ పనికొస్తుంది. మన దేశంలో రాయ్‌గఢ్ నుంచి పుగలూరుకి వేసిన ±800 కేవీ, 6,000 మెగావాట్ల లైను రెండు దిక్కులా పంపగలదు, తమిళనాడులో గాలి ఎక్కువైనప్పుడు మిగులు కరెంటు ఉత్తరానికి వెళ్లొచ్చు.

కొత్త లైను వేయకుండా ఉన్న లైనులోనే ఎక్కువ పవర్ పంపడం కుదరదా?

కొంతవరకు కుదురుతుంది, గాలి కరెంటుకి ఇది మరీ బాగా నప్పుతుంది. లైను సామర్థ్యాన్ని నిర్ణయించేది కండక్టర్ వేడి. గాలి వీస్తే కండక్టర్ చల్లబడుతుంది, అంటే మీ టర్బైన్లు ఎక్కువ ఇచ్చే గంటల్లోనే దగ్గర్లోని లైన్లు కూడా ఎక్కువ మోయగలవు. సెన్సర్లు పెట్టి గంట గంటకీ సామర్థ్యం లెక్కించే పద్ధతిని డైనమిక్ లైన్ రేటింగ్ అంటారు. పాత టవర్ల మీదే ఎక్కువ వేడిని తట్టుకునే కండక్టర్ మార్చడం ఇంకో దారి. అయితే లైను పెరిగినా రెండు చివర్లలో ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైతే లాభం లేదు.

## నిర్మాణం, ఛార్జింగ్

టర్బైన్లు రెడీ, లైను ఇంకా రాలేదు. ఊరికే నిలబెట్టి ఉంచొచ్చా?

ఎక్కువ కాలం కుదరదు. కరెంటు ఇవ్వకపోయినా టర్బైన్‌కి కరెంటు కావాలి: గాలి వైపు తిరగడానికి, రెక్కల కోణం మార్చడానికి, లోపల తేమ చేరకుండా వేడి ఉంచడానికి. ఒకే చోట కదలకుండా ఉంటే బేరింగులు పాడవుతాయి. జర్మనీ తీరంలో రిఫ్‌గాట్ కేంద్రంలో 30 టర్బైన్లు 2013 వేసవికి సిద్ధమయ్యాయి. కేబుల్ దారిలో సముద్రం అడుగున ప్రపంచ యుద్ధం నాటి బాంబులు, మందుగుండు బయటపడటంతో వాటిని ఏరేదాకా కేబుల్ పడలేదు. అన్నాళ్లూ డీజిల్ జనరేటర్‌తో ఆ టర్బైన్లని కాపాడుకోవాల్సి వచ్చింది, 2014 ఫిబ్రవరిలో గానీ కనెక్షన్ రాలేదు. కేబుల్ దారి సర్వే టర్బైన్ ఆర్డరు కంటే ముందు ఉండాలి. పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఆర్డరు కూడా తొందరగా ఇవ్వండి, ఈ మధ్య రెండు మూడేళ్లకి గానీ చేతికి రావడం లేదు.

కనెక్షన్ రాగానే ఫుల్ పవర్ పంపొచ్చా?

పంపనివ్వరు. ముందు పూలింగ్ సబ్‌స్టేషన్‌ని ఛార్జ్ చేస్తారు (గ్రిడ్ కరెంటు ఎక్కిస్తారు), తర్వాత ఒక్కో ఫీడరు, తర్వాత కొన్ని టర్బైన్లు. సామర్థ్యంలో కొంత శాతం దగ్గర ఆగి, వోల్టేజీ కంట్రోల్, ఫ్రీక్వెన్సీ స్పందన, పవర్ తగ్గించమన్నప్పుడు ఎంత వేగంగా తగ్గుతోంది, హార్మోనిక్స్ ఎంత అన్నీ కొలుస్తారు. కొలిచినవి మోడల్‌తో సరిపోలితేనే తర్వాతి మెట్టు. ఫుల్ లోడు పరీక్షకి గాలి రావాలి, అది మీ చేతిలో లేదు. గాలి తక్కువుండే నెలల్లో కమిషనింగ్ (ఈ ప్రారంభ పరీక్షలు) పెట్టుకుంటే వారాల తరబడి ఇంజినీర్లు ఆకాశం చూస్తూ కూర్చోవాలి, కాబట్టి షెడ్యూల్ వేసేటప్పుడే గాలి కాలం చూసుకోండి.

## నడుస్తున్నప్పుడు

గాలి బాగా వీస్తున్నప్పుడే ఉత్పత్తి తగ్గించమంటున్నారు. ఇదేం న్యాయం?

కోపం రావడంలో తప్పు లేదు, కానీ కారణం తెలుసుకోండి. మీ దగ్గరి లైను నిండిపోవడం ఒక కారణం. మొత్తం గ్రిడ్‌లో వాడకం కంటే ఉత్పత్తి ఎక్కువవడం ఇంకొకటి. సింక్రనస్ జనరేటర్లు (థర్మల్, జల కేంద్రాల్లోలా గ్రిడ్‌తో నేరుగా ముడిపడి తిరిగేవి) కొన్నైనా తిరుగుతూ ఉండాలనే నియమం మూడోది. లైను వల్లయితే లైను పెంచితే పోతుంది, మిగులు వల్లయితే మీ పక్కన ఎన్ని లైన్లు వేసినా పోదు, బ్యాటరీనో కొత్త వాడకమో రావాలి. ప్రతి తగ్గింపు ఆదేశానికీ సమయం, మెగావాట్లు, చెప్పిన కారణం రాసిపెట్టుకోండి. పరిహారం అడగాలన్నా, బ్యాటరీ పెట్టాలో వద్దో తేల్చాలన్నా ఆ రికార్డే ఆధారం.

తుఫానులో ఇంకా ఎక్కువ కరెంటు వస్తుందా?

రాదు. గాలి సెకనుకు సుమారు 25 మీటర్లు దాటితే చాలా టర్బైన్లు తమని కాపాడుకోవడానికి ఆగిపోతాయి. కేంద్రం మొత్తం ఫుల్ నుంచి సున్నాకి కొద్ది నిమిషాల్లో పడొచ్చు. ఒక్కసారిగా ఆగకుండా క్రమంగా తగ్గే కంట్రోల్ ఉన్న టర్బైన్లు దొరుకుతాయి, గ్రిడ్ ఆపరేటర్లకి అవంటే ఇష్టం.

టర్బైన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే గ్రిడ్ ఆపరేటర్‌కి చెప్పాలా?

తప్పకుండా. కంట్రోల్‌లో చిన్న మార్పు ఫాల్ట్ సమయంలో పెద్ద తేడా తేగలదు. 2019 ఆగస్టు 9న బ్రిటన్‌లో ఒక లైను మీద పిడుగు పడింది. ఆ కుదుపుకి హార్న్‌సీ వన్ అనే సముద్రపు కేంద్రం వోల్టేజీ కంట్రోల్ ఊగిపోయి 737 మెగావాట్లు ఒక్కసారిగా పడిపోయాయి. దాదాపు అదే సమయంలో ఒక గ్యాస్ కేంద్రం కూడా ఆగింది. ఫ్రీక్వెన్సీ 48.8 హెర్ట్జ్‌కి దిగి, పది లక్షల మందికి పైగా వినియోగదారులకి కరెంటు పోయింది. ముప్పావు గంటలో కరెంటు వచ్చేసింది గానీ, కొన్ని రైళ్లు తిరిగి స్టార్ట్ కాక గంటల తరబడి పట్టాల మీదే ఉండిపోయాయి. ఆ కేంద్రం కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ని తర్వాత మార్చారు. సెట్టింగ్ మారిస్తే మోడల్ కూడా మార్చి పంపడం, పాత వెర్షన్ దాచిపెట్టడం అలవాటు చేసుకోండి.

పాత టర్బైన్లు తీసేసి కొత్తవి పెడితే మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేయాలా?

మెగావాట్లు పెంచకపోయినా సాధారణంగా కొత్త స్టడీ అడుగుతారు, ఎందుకంటే యంత్రం రకం మారిపోయింది. పాతవి నేరుగా గ్రిడ్‌తో కలిసిన ఇండక్షన్ జనరేటర్లయితే, కొత్తవి పూర్తిగా కన్వర్టర్ మీద నడుస్తాయి. ఫాల్ట్ కరెంటు, రియాక్టివ్ పవర్, హార్మోనిక్స్ అన్నీ మారతాయి, పాత రిలే సెట్టింగులు పనికిరావు. లాభమేమిటంటే బే ఉంది, లైను ఉంది, దారి హక్కులు ఉన్నాయి. కొత్త చోట ఇవన్నీ సంపాదించడానికి పట్టే ఏళ్లతో పోలిస్తే ఆ స్టడీకి పట్టే నెలలు చాలా తక్కువ. పాత కనెక్షన్ ఒప్పందం గడువు మాత్రం ముందే చూసుకోండి. టర్బైన్లు విప్పాక కొన్ని నెలలు ఏ ఉత్పత్తీ లేకపోతే కనెక్షన్ హక్కు రద్దయ్యే షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది, విప్పడానికి ముందే గ్రిడ్ సంస్థ నుంచి ఆ విరామానికి రాతపూర్వక అనుమతి తీసుకోండి.